లివర్ దూరం వేరు, వైరు లూజు వేరు

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఒడ్డుకు ఆనగానే బళ్ళన్నీ ఒక్కసారే స్టార్టవుతాయి. పంటు మీంచి దిగాలి, తడిసిన ఇసుకలో నాలుగు బారలు పోవాలి, అక్కణ్ణుంచి గట్టెక్కాలి. ఆ కాస్త దూరంలో పనంతా ఎడమ చేతి వేళ్ళదే. క్లచ్ సగం పట్టి సగం వదిలి, ముందు బండికి తగలకుండా, వెనక బండికి అడ్డం కాకుండా పైకి లాగాలి. చెయ్యి చిన్నగా ఉన్నవాళ్ళను ఆ సమయంలో గమనిస్తే ఒక సంగతి కనపడుతుంది. వాళ్ళ అరచెయ్యి గ్రిప్పు మీద ఆనదు. బొటనవేలి మొదలు గ్రిప్పు వదిలేసి ముందుకు జరుగుతుంది. మిగతా వేళ్ళు కొసలతో లివర్‌ను గీరినట్టు పట్టుకుంటాయి. సగం వదలాల్సిన చోట లివర్ ఆ కొసల్లోంచి జారిపోతుంది, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది. "క్లచ్ మెల్లిగా వదలమ్మా" అని వెనకనుంచి ఎవరో ఒకరు అంటారు. మెల్లిగా వదలాలంటే ముందు అది చేతికి అందాలి కదా.

బండి నడపడం రాదని లెక్కేసే ఇలాంటి తడబాట్లలో చాలావరకు కొలత కుదరకపోవడం వల్ల వచ్చేవే. చొక్కా కుట్టించుకునేటప్పుడు చేతి పొడవు కొలతలిస్తారు. చెప్పులు తొడిగి నాలుగడుగులు వేసి చూశాకే డబ్బులిస్తారు. బండి దగ్గరికొచ్చేసరికి ఫ్యాక్టరీలో ఎలా బిగించి పంపారో అలాగే అలవాటు పడిపోతారు. సీటు ఎత్తు గురించి షోరూములో అందరూ అడుగుతారు, కాళ్ళు నేలకు ఆనాలి గనక. వేళ్ళు లివర్‌కు అందుతున్నాయా అని అడిగేవాళ్ళు అరుదు.

అందుతోందో లేదో తేల్చడానికి టేపు అక్కర్లేదు. బండి మీద మామూలుగా కూర్చుని, అరచెయ్యి గ్రిప్పు మీద పూర్తిగా ఆనించి, చూపుడు వేలూ మధ్య వేలూ లివర్ మీదికి చాపాలి. లివర్ వచ్చి వేలి కొస కణుపుకూ నడిమి కణుపుకూ మధ్య పడితే సరిపోయినట్టే. గోటి కింద మెత్తటి భాగం మాత్రమే తగులుతుంటే దూరం ఎక్కువ. నడిమి కణుపు దాటి లోపలికి పడితే మరీ దగ్గర. అప్పుడు పూర్తిగా నొక్కకముందే లివర్ వచ్చి మిగతా రెండు వేళ్ళనూ గ్రిప్పుకేసి నొక్కేస్తుంది. కుడి చేతికీ ఎడమ చేతికీ విడివిడిగా చూసుకోవాలి, ఎందుకంటే రెండు లివర్ల దూరం ఒకేలా ఉంటుందన్న నమ్మకం లేదు. ఒకసారి బురదలో పడి లేచిన బండైతే మరీను.

ఇంతా చేస్తే ఒక అంగుళం తేడాయే కదా అనిపించొచ్చు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక డెల్టా రోడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళు అలా అనరు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, అంచున గడ్డి. మలుపు తిరగ్గానే ఎదురుగా వడ్లు. వడ్ల మీదికి ఎక్కాక ముందు బ్రేకు గట్టిగా పట్టడమంటే చక్రం కింద గోళీలు పోసుకోవడమే, కాబట్టి స్పీడు అంతకుముందే తగ్గించాలి. గంటకు 50 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. లివర్ అందక, చెయ్యి గ్రిప్పు మీంచి ముందుకు జరిపి పట్టుకునేసరికి సెకనులో ఐదో వంతు పట్టినా, బ్రేకు మొదలయ్యేలోగా మూడు మీటర్లకు కాస్త తక్కువ దూరం ఖర్చయిపోతుంది. కాలవ గట్టు మీద గేదె అడ్డం వచ్చినప్పుడు ఆ మూడు మీటర్లే అన్నీ. పైగా వేలి కొసలతో పట్టిన బ్రేకు కొంచెం కొంచెంగా బిగించడానికి లొంగదు. పడితే ఒక్కసారే పడుతుంది, లేకపోతే అసలు పడదు.

ఇక అసలు గందరగోళం దగ్గరికి రావాలి. లివర్ దూరంగా ఉందని షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కువచోట్ల జరిగేది ఒకటే. మెకానిక్కు లివర్ దగ్గరున్న గుండ్రటి నట్టు నాలుగు చుట్లు తిప్పి వైరు లూజు చేస్తాడు. లివర్ ఇప్పుడు వేలితో తోస్తే చాలు, లోపలికి వస్తుంది. "చూడండి, మెత్తగా అయిపోయింది" అంటాడు. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమంటే ఇదే. ఆ నట్టు మార్చేది లివర్ దూరాన్ని కాదు, లివర్ ఆటను. ఆట అంటే, లివర్ కదలడం మొదలైనప్పటినుంచి వైరు బిగుసుకుని పని మొదలయ్యేదాకా ఖాళీగా తిరిగే దూరం. మెకానిక్కులు ప్లే అంటారు. మన రోడ్ల మీద తిరిగే 100, 125 సీసీ బళ్ళలో చాలావాటికి క్లచ్ లివర్ చివర ఈ ప్లే 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలని మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

లివర్ మొత్తం ప్రయాణం ఎంతో పెరగదు, గ్రిప్పు తగిలే దగ్గర ఆగిపోతుంది. అందులో మొదటి ముక్క ఆట తినేస్తే, మిగిలిన ముక్కలోనే క్లచ్ పూర్తిగా విడాలి. లూజు మరీ ఎక్కువైతే లివర్ గ్రిప్పుకు తగిలినా, ఇంజన్‌నూ చక్రాన్నీ కలిపే క్లచ్ ప్లేట్లు పూర్తిగా విడిపోవు. రావులపాలెం సెంటర్లో ఆగినప్పుడు ఫస్ట్ గేరులో ఉన్న బండి క్లచ్ పట్టినా ముందుకు పాకుతుంది. న్యూట్రల్ దొరకదు. గేరు వేసిన ప్రతిసారీ కటక్‌మని చప్పుడొస్తుంది. అప్పుడు గేర్‌బాక్సు పోయిందేమోనన్న టెన్షన్ మొదలవుతుంది. దానికి ఉల్టా చేసి ప్లే ఏమీ లేకుండా బిగిస్తే ఇంకో తిప్పలు. చెయ్యి తీసేసినా వైరు లాగే ఉంటుంది, ప్లేట్లు జారుతుంటాయి, ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు. కొబ్బరికాయల బస్తాలతో వంతెన ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే.

అయితే మెకానిక్కు చేసినదాంట్లో పిసరంత నిజం లేకపోలేదు. ప్లేను 10 కాకుండా 20 దగ్గర ఉంచితే క్లచ్ విడే చోటు గ్రిప్పుకు కాస్త దగ్గరగా జరుగుతుంది. వేళ్ళు బాగా చాపి ఉన్నప్పటికన్నా సగం ముడిచి ఉన్నప్పుడు వాటికి బలం ఎక్కువ. కాబట్టి చిన్న చేతులవాళ్ళకు అనుమతించిన హద్దులోనే లూజు వైపు ఉండటం మేలు. హద్దు దాటడమే తప్పు. ఇంకో చిన్న మాట. ఆ గుండ్రటి నట్టుకూ దాని కింది లాక్ నట్టుకూ ఒక గాడి ఉంటుంది, వైరు ఎక్కించడానికి. పని అయ్యాక ఆ గాళ్ళు లివర్ బ్రాకెట్ గాడితో ఒకే వరుసలో ఉండిపోకుండా చూసుకోవాలి. ఉంటే వాన నీళ్ళు నేరుగా వైరులోకి దిగుతాయి.

డ్రమ్ బ్రేకు సంగతి క్లచ్‌లాగే. చక్రం దగ్గరున్న నట్టుతో ఆట సరిచేసుకోవచ్చు, దూరం మాత్రం మారదు. డిస్క్ బ్రేకు దగ్గర వైరు ఉండదు కాబట్టి లూజు చేసేదేమీ లేదు. అందుకని కొంతమంది లివర్‌ను వంచుతారు, లేదా లివర్ లోపలికి నిలిచేలా మధ్యలో వాషర్ ముక్కో, రేకు ముక్కో ఇరికిస్తారు. ఈ వ్యాసం మొత్తంలో చెయ్యకూడని పని ఏదైనా ఒకటుంటే అది ఇదే. ఎందుకో చెప్పాలంటే మాస్టర్ సిలిండర్, అంటే లివర్ దగ్గర బ్రేకు ఆయిల్‌ను తోసే గొట్టం, లోపలికి చూడాలి.

లివర్ మొదట్లో ఒక చిన్న పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ వెనక్కి పూర్తిగా వచ్చి నిలబడినప్పుడు, పైనున్న ఆయిల్ డబ్బాకూ సిలిండర్‌కూ మధ్య సూదిమొనంత రంధ్రం తెరుచుకుని ఉంటుంది. బ్రేకు వేడెక్కి ఆయిల్ ఉబ్బితే ఆ ఎక్కువైనది ఈ రంధ్రంలోంచే డబ్బాలోకి వెనక్కి పోతుంది. ఇరికించిన వాషర్ వల్ల పిస్టన్ ఒక మిల్లీమీటరు ముందుకు నిలిచిపోయిందనుకోండి, రంధ్రం మూసుకుపోతుంది. చేతికి ఏ తేడా తెలియదు, లివర్ హాయిగా అందుతుంటుంది. బండి నడుస్తున్నకొద్దీ ప్యాడ్లు డిస్కుకు కాస్త రాసుకుంటాయి, వేడి పుడుతుంది, ఆయిల్ ఉబ్బుతుంది, పోవడానికి దారి లేక ప్యాడ్లను ఇంకా నొక్కుతుంది, దాంతో ఇంకా వేడి. హైవే మీద తణుకు దాకా వెళ్ళేలోపు ఎవరూ బ్రేకు పట్టకుండానే ముందు చక్రం పట్టేసే ప్రమాదం ఉంది. లివర్ మీద ఏ పని చేసినా ముందు చక్రం పైకి లేపి చేత్తో తిప్పి చూడటం అందుకే. బ్రేకు నాలుగుసార్లు పట్టి వదిలాక కూడా చక్రం తేలిగ్గా తిరగాలి.

అసలు దూరాన్నే మార్చే ఏర్పాటు కొన్ని బళ్ళకు కంపెనీవాళ్ళే ఇస్తున్నారు. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 200 4వీ, కేటీఎం 390 డ్యూక్, రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 లాంటివాటిలో లివర్ మొదట్లో చిన్న చక్రం ఉంటుంది. లివర్‌ను ఎడమ చేత్తో ముందుకు నెట్టి పట్టుకుని, ఆ చక్రం తిప్పి, అది టక్కున కూర్చున్నాక వదలాలి. సగం తిరిగిన చోట ఆపకూడదు. ఇది పిస్టన్ జోలికి పోకుండా లివర్‌ను మాత్రమే దగ్గరికి తెస్తుంది, తేడా అంతా అక్కడుంది. కాకపోతే ఈ సౌకర్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళు కొనే బళ్ళకే లేదు. ఇంటిల్లిపాదీ నడిపే వంద సీసీ బండికి లివర్ ఒకటే సైజు. అందులో వింతేమిటంటే 390 సీసీ బండి కొనేవాళ్ళు ఎక్కువమంది చేతులు పెద్దగా ఉన్న కుర్రాళ్ళే.

మరి మామూలు బండి ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? దూరం మార్చలేకపోయినా కోణం మార్చుకోవచ్చు, దానికి ఒక పానా చాలు. లివర్ బ్రాకెట్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచేవి సాధారణంగా రెండు బోల్టులు. చాలా బళ్ళకు 10 నంబరు పానా, కొన్నిటికి అలెన్ కీ. రెండూ కొద్దిగా వదులు చేస్తే బ్రాకెట్ హ్యాండిల్ చుట్టూ తిరుగుతుంది. సీటు మీద కూర్చుని మోచెయ్యి, మణికట్టు, చాపిన వేళ్ళు ఒకే వాలులో ఉండేలా లివర్‌ను కిందికో పైకో తిప్పాలి. పొట్టివాళ్ళకూ పొడుగువాళ్ళకూ ఈ వాలు ఒకటి కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లివర్ మరీ పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరిచి వేళ్ళు పైకెత్తి పట్టాల్సి వస్తుంది. అలా విరిచిన చేతికి ఉన్న దూరం కూడా ఎక్కువగా అనిపిస్తుంది. వాలు కుదిరితే, లివర్ ఒక్క మిల్లీమీటరు దగ్గరికి రాకపోయినా, అందడం మొదలవుతుంది. ఈ ఒక్క పనితో సగంమంది ఇబ్బంది తీరిపోతుందన్నా పెద్ద అతిశయోక్తి కాదు.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. బ్రాకెట్ మూత మీద పైకి చూపే బాణమో గుర్తో ఉంటే అది పైకే ఉండాలి, ముందు పై బోల్టు పూర్తిగా బిగించి ఆ తర్వాత కింది బోల్టు. కింద కాస్త సందు మిగలడం మామూలే, దాన్ని కూడా మూసెయ్యాలని బలం పెడితే అల్యూమినియం మర తెగుతుంది. డిస్క్ బ్రేకు ఉన్నవైపు ఆయిల్ డబ్బా మరీ వాలిపోకుండా చూడాలి, డబ్బాకున్న చిన్న గాజు కిటికీలోంచి ఆయిల్ మట్టం కనిపించాలి. బ్రాకెట్‌తో పాటు వెనక బళ్ళను చూసే అద్దమూ వంగుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ సరిచేసుకోవాలి. కొన్ని యమహా బళ్ళలో కుడి అద్దం మర ఉల్టా తిరుగుతుంది, తెలియక బలంగా తిప్పితే విరిగేది అద్దమే. స్విచ్‌ల డబ్బాకు లోపల ఒక మొలక ఉంటుంది, అది హ్యాండిల్‌కున్న రంధ్రంలో కూర్చుంటుంది. అది తిరగడం లేదని సుత్తి తియ్యకూడదు. దాని చోటు అంతే.

కోణంతో పాటు ఇంకో మార్పు చాలామందికి తట్టదు. చోటుంటే బ్రాకెట్‌ను హ్యాండిల్ మీద ఒక సెంటీమీటరు లోపలికి, అంటే మధ్యవైపుకు, జరిపితే వేళ్ళు లివర్ చివరి భాగం మీద పడతాయి. బావి దగ్గర ఏతం గుర్తున్నవాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. లివర్ తిరిగే చీల నుంచి 9 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నదానికన్నా 12 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అదే బలంతో మూడో వంతు ఎక్కువ లాగుడు వస్తుంది. బలం తక్కువ ఉన్న చేతికి ఇది పెద్ద సాయం. చాలా బళ్ళలో స్విచ్‌ల డబ్బా అడ్డొచ్చి అంత చోటు ఉండదు, ఉన్నంత మేరకే జరుపుకోవాలి.

గ్రిప్పు కవర్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఎండాకాలం చెమటకు చెయ్యి జారుతుందని రోడ్డు పక్క కొనే స్పాంజి తొడుగులు డెల్టా అంతటా కనపడతాయి. తొడుగు మందం 4 మిల్లీమీటర్లు అనుకుంటే అరచెయ్యి 4 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది, వేళ్ళు అంత ఎక్కువ చాపాలి. గ్రిప్పు ముందు భాగం 4 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, లివర్ అంత ముందే తగిలి ఆగిపోతుంది. అందడం కష్టం, అందాక లాగడానికి చోటు తక్కువ. రెండు వైపులా నష్టం చేసే వస్తువు ఇంత చవగ్గా దొరకడం విశేషమే. ఎక్సలేటర్ వైపు అది గ్రిప్పు మీద తిరిగిపోయే గొడవ వేరు. లివర్ దూరమనిపించే చాలా బళ్ళకు మొదటి వైద్యం ఆ తొడుగులు పీకెయ్యడమే.

లివర్ గట్టిగా ఉండటాన్ని కూడా జనం దూరంగా ఉండటంగానే చెప్పుకుంటారు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి వైరు లోపలి తీగ తుప్పు పట్టడం తొందరగా జరుగుతుంది. చేపల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బళ్ళదీ అదే కథ. వైరు విప్పి లివర్ చివర ఊపి చూస్తే తెలిసిపోతుంది. విప్పిన వైరులోని తీగ వేళ్ళతో సులువుగా జారకపోతే లోపం అక్కడే. పై కొసకు ప్లాస్టిక్ కవరు గరాటులా కట్టి, వైరును నిలువుగా వేలాడదీసి, కింది కొసనుంచి శుభ్రమైన నూనె చుక్క కారేదాకా పొయ్యాలి. తీగ పోగులు తెగి ఉంటే నూనె దండగ, కొత్తదే వేయించాలి. లివర్ తిరిగే చీలకు కాస్త గ్రీజు పెడితే ఇంకా తేడా తెలుస్తుంది. ఈ పని చేశాక అంతవరకూ రెండు చేతుల బలం పెట్టినట్టున్న క్లచ్ రెండు వేళ్ళకు లొంగుతుంది.

చేతులు మరీ పొట్టిగా ఉండి గ్రిప్పు దాకా ముందుకు వంగి కూర్చోవాల్సి వస్తుంటే మార్చాల్సింది లివర్‌ను కాదు, హ్యాండిల్‌ను. నడిమి క్లాంపు నాలుగు బోల్టులూ వదులు చేసి హ్యాండిల్‌ను కొద్దిగా వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో, హ్యాండిల్‌ను ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పాలి. ఇంజన్ చప్పుడు ఎక్కడైనా పెరిగిందంటే ఎక్సలేటర్ వైరు లాగబడుతోందన్నమాట. కోనసీమలో పొలాలకు నీళ్ళు పోయే పంటబోదెల పక్క సందుల్లో హ్యాండిల్ పూర్తిగా తిప్పే అవసరం రోజుకు పదిసార్లు వస్తుంది. అక్కడ బండి తనంతట తనే ముందుకు దూకితే పడేది బోదెలోనే.

స్కూటర్ల కథ కొంచెం వేరు. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాకా ఉన్న బళ్ళకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటో, చక్రం పట్టెయ్యకుండా చూసే ఏబీఎస్సో తప్పనిసరి అయింది, స్కూటర్లకు ఎక్కువగా మొదటిదే ఇస్తారు. అందుకని స్కూటరు ఎడమ లివర్ వెనక చక్రంతో పాటు ముందు చక్రాన్నీ లాగుతుంది. చిన్న చేతులకు ఆ లివరే కష్టం. దానికీ దూరం మార్చే చక్రం ఉండదు. వెనక చక్రం దగ్గర నట్టుతో ఆటను మాన్యువల్ చెప్పిన హద్దులో ఉంచుకోవడం, తొడుగులు తీసెయ్యడం, వైర్లు తేలిగ్గా కదిలేలా చూసుకోవడం, చేతిలో ఉన్నవి ఈ మూడే. బ్రేకు షూలు అరిగినకొద్దీ లివర్ ఇంకా లోపలికి వస్తుంది. అది దగ్గరగా వచ్చిందని సంతోషించే విషయం కాదు.

బయట దొరికే అడ్జస్టబుల్ లివర్లు కొనాలా అంటే, క్లచ్ వైపు సరే అనొచ్చు. అది విరిగితే బండి తోసుకుంటూ ఇంటికి రావచ్చు. బ్రేకు వైపు పేరూ ఊరూ లేని సరుకు వద్దు. పిస్టన్‌ను తోసే మొన అర మిల్లీమీటరు పొడవున్నా పైన చెప్పిన వాషర్ కథే జరుగుతుంది, బ్రేకు లైటు స్విచ్ నొక్కుకోకుండా ఉండిపోవడం ఇంకొకటి. పడి వంగిన పాత లివర్‌ను సుత్తితో సాపు చేసి వాడటం కూడా అంతే ప్రమాదం. పోత అల్యూమినియం వంచితే లోపల చిట్లుతుంది, పైకి కనపడదు.

ఇంట్లో ఒకే బండిని తండ్రీ కూతురూ ఇద్దరూ నడుపుతుంటే ఎవరి చేతికి కుదర్చాలన్న ప్రశ్న వస్తుంది. చిన్న చేతికే. దగ్గరున్న లివర్‌ను పెద్ద చెయ్యి పట్టుకోగలదు, దూరంగా ఉన్నదాన్ని చిన్న చెయ్యి పట్టుకోలేదు. కుదిర్చాక తండ్రి కూడా ఒకసారి సీటెక్కి, రెండు వేళ్ళతో బ్రేకు గట్టిగా పట్టి, లివర్ వచ్చి ఉంగరం వేలిని నొక్కుతోందేమో చూసుకోవాలి. నొక్కుతుంటే నాలుగు వేళ్ళూ లివర్ మీదే వెయ్యడం ఆయన అలవాటు చేసుకోవాలి.